పెరటి మొక్కలు ఎరువుచే మాడుట: నివారణము, చికిత్స

గృహిణికి పెరడు రెండవ వంటయిల్లు వంటిది. నాలుగు వంగమొక్కలు, పందిరిమీద బీరతీగ, గోడవార గోంగూర, నూతిగట్టున కొత్తిమీరమడి కలిగిన యింట కూరకు కొఱత యుండదు. ఆ మొక్కలను బిడ్డలవలె పెంచుచున్న మన సోదరీమణులలో పలువురు ఒక్క విషయమున మాత్రము పొరబడుచున్నారు. మొక్క యేపుగా ఎదుగవలెనను ఆశతో వేసిన యెరువే దానికి విషమగుచున్నది. సాయంకాలము ఎరువు చల్లి నిద్రించిన యిల్లాలు, రెండు దినములు గడచునప్పటికి ఆకుల కొనలు మాడి లేతకొమ్మలు వ్రేలాడుట చూచి, చీడ పట్టెననియో దిష్టి తగిలెననియో తలచుచున్నది. పల్లెలలో దీనిని ఎరువువేడి యందురు. ఇది ఎట్లు కలుగునో, రాకుండ ఎట్లు చూచుకొనవలెనో, వచ్చినచో మొక్కను ఎట్లు దక్కించుకొనవలెనో తెలిసికొనుట ప్రతి గృహిణికిని అవసరము.

మెట్టసీమలో ఈ బాధ యేల యెక్కువ?

కృష్ణాజిల్లా మెట్టభాగమని పూర్వమునుండి పిలువబడుచున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిలులో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మాఱినను నేల మాఱలేదు. 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట వలన దిగువనున్న డెల్టాకు కృష్ణనీరు సమృద్ధిగా దక్కెను. ఎగువనున్న ఈ మెట్టభూములు మాత్రము తరతరములు వానను, మునేరు పాలేరు వంటి యేళ్లను, నూతులను నమ్ముకొనియే యుండెను. నాగార్జునసాగరపు ఎడమకాలువ వచ్చిన పిమ్మట పొలములకు కొంత నీరు అందినది. అయినను ఇంటి పెరళ్లకు చాలచోట్ల బోరునీరే గతి.

ఇట్టి సీమలో ఎరువువేడికి మూడు కారణములు కూడివచ్చుచున్నవి. మొదటిది, మిరప, ప్రత్తి పండించు ఇండ్లలో యూరియా, డి.ఎ.పి., పొటాషు బస్తాలు వసారాలోనే యుండును. పొలమునకు పోగా అడుగున మిగిలినది పెరటికి వచ్చును. "ఒక్క గుప్పెడు చల్లు వదినా, నాలుగు నాళ్లలో నల్లగా ఎదుగుతాయి" అని పొరుగింటివారు చెప్పిన మాట మీద గుప్పెడు పడును. రెండవది ఎండ. నందిగామ, జగ్గయ్యపేటలలో మే నెల యెండ యెట్టిదో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. నేలలోని తడి త్వరగా ఆవిరియగుకొలదిని మిగిలిన తడిలో ఎరువు చిక్కనగును. మూడవది నేల. జగ్గయ్యపేట పరిసరములు సున్నపురాతికి ప్రసిద్ధములు. అచ్చటి ప్రాచీన బౌద్ధస్తూపపు శిల్పఫలకములు సున్నపురాతివే. నేడు ఆ రాతినుండియే సిమెంటు తయారగుచున్నది. సున్నము పాలు ఎక్కువగా నున్న నల్లరేగడిలో యూరియా పైపైన వేసినచో అది కరగి అమోనియా వాయువుగా మాఱును. ఆ ఘాటు మొలకెత్తుచున్న గింజను, లేతవేరును కాల్చివేయును. బోరునీరు ఉప్పనిదైనచో ఈ కీడు ఇనుమడించును.

ఎరువు మొక్కను ఎట్లు మాడ్చును?

దీనిని తెలిసికొనుటకు వంటయింటిలోని మాగాయ జాడీయే చాలును. తరిగిన మామిడిముక్కలకు ఉప్పు పట్టించి యుంచినచో, తెల్లవాఱునప్పటికి ముక్కలలోని రసము ఊటగా వెలికి వచ్చి, ముక్కలు వడలి యుండును. ఉప్పు ఎక్కువగా నున్న వైపునకు నీరు లాగబడుట ప్రకృతిధర్మము. రసాయనపు టెరువులన్నియు ఒక విధమగు లవణములే, లేక లవణమువలెనే నీటిని లాగుకొనునవే. మితముగా నున్నప్పుడు వేరు ఆ నీటిని పీల్చి దానిలోని బలమును గ్రహించును. మితిమీరినప్పుడు వేరులోని నీరే మట్టిలోనికి లాగబడును. అప్పుడు పాదు నిండ నీరున్నను మొక్క దాహముతో అలమటించును. వేరునుండి దూరముగా నుండుటచే మొట్టమొదట ఆకుల కొనలు, అంచులు ఎండును. ఎండ ఎక్కువగా నున్న దినమున ఆకు విడుచు నీరు హెచ్చు గనుక మాడుటయు త్వరితమగును.

అన్ని యెరువులకు ఈ గుణము సమానముగా నుండదు. శాస్త్రజ్ఞులు సోడియం నైట్రేటును 100గా పెట్టుకొని ఎరువుల లవణబలమును లెక్కించిరి. ఆ లెక్కలో పొటాషు అని మనము పిలుచు పొటాషియం క్లోరైడు 116, యూరియా సుమారు 75, సూపరు ఫాస్ఫేటు 8 మాత్రమే. కావున సూపరు ఒకింత హెచ్చినను మొక్క ఓర్చుకొనవచ్చును గాని, పొటాషు, యూరియా హెచ్చినచో ఓర్వలేదు. బస్తాలలో వచ్చు యూరియాకు వేపనూనె పూత యుండుటచే అది మాడ్చదని కొందఱు తలచుచున్నారు. ఆ పూత ఎరువులోని నత్రజని వృథాగా పోకుండ ఆలస్యము చేయుట కేర్పడినది. మోతాదు మించినప్పుడు అది మొక్కను కాపాడదు.

గంపలెక్క, చెంచాలెక్క

మన పెద్దలు గంపలతో ఎరువు వేసిరి, వారి మొక్కలు మాడలేదు, మనకేల యిట్లగుచున్నదని కొందఱు అడుగుదురు. సమాధానము సులభము. చివికిన పశువుల యెరువు 100 కిలోలలో నత్రజని సుమారు అరకిలో మాత్రమే. 100 కిలోల యూరియాలో 46 కిలోలు. అనగా ఒక కిలో యూరియా 92 కిలోల పశువుల యెరువుతో సమానము. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చు విద్యను జర్మనీ దేశపు హాబర్ అను శాస్త్రజ్ఞుడు 1909లో సాధించి చూపగా, 1913లో అక్కడ పెద్ద కర్మాగారము వెలసెను. మన దేశమున రాణీపేటలో 1906లోనే సూపరు ఫాస్ఫేటు తయారయ్యెను. సింద్రీ కర్మాగారము 1951లో పని ఆరంభించెను. అంతవఱకు గంపను ఎరిగిన చేయి, అటుపిమ్మట బస్తాను అందుకొనెను. బలము తొంబదిరెట్లు పెరిగినను చేతివాటము మాత్రము మాఱలేదు. కీడంతయు ఇచ్చటనే యున్నది.

ఇప్పుడు పెరటికి సరిపడు లెక్క చూతము. పొలమునకు ఒక తడవ ఎకరమునకు ఒక బస్తా యూరియా యని రైతులు సామాన్యముగా చెప్పుకొందురు. నేటి బస్తా 45 కిలోలు. ఎకరమునకు 100 సెంట్లు గనుక సెంటుకు 450 గ్రాములు. సెంటు సుమారు 40 చదరపు మీటర్లు. కావున చదరపు మీటరుకు 11 గ్రాములు. టీచెంచాతో తలకొట్టి కొలిచినచో ఇది 3 చెంచాలు. ఒక గుప్పెడు యూరియా సుమారు 45 గ్రాములు తూగును. అనగా పొరుగింటి మాట విని ఒక వంగమొక్క మొదట వేసిన గుప్పెడు, నిజమునకు 4 చదరపు మీటర్ల మడికి సరిపోవలసినది. మొక్క మాడుటలో వింత యేమున్నది?

గుర్తులు

మొక్క వాడినంత మాత్రమున ఎరువువేడి యని నిశ్చయింపరాదు. ఈ క్రింది గుర్తులు చూడవలెను.

ఎరువు వేసిన 1 మొదలు 4 దినముల లోపల ఆకుల కొనలు, అంచులు పసుపుపచ్చనై, ఆపైన గోధుమవన్నెకు తిరిగి పెళుసుబాఱును. ఒకే దినమున ఎరువు పడిన మొక్కలన్నిటికి ఒకేసారి వచ్చును. ఎరువు కుప్పగా పడిన చోట హెచ్చుగాను, దూరమున తక్కువగాను ఉండును. పాదుమట్టిమీద తెల్లని పొర తేలును. తడి యున్నను మొక్క వాడి యుండును. సామాన్యమైన నీటికొఱతచే వాడిన మొక్క సాయంకాలము నీరు పోయగానే తలయెత్తును. ఇది ఎత్తదు. వేరు త్రవ్వి చూచినచో తెల్లగా నుండవలసిన పీచువేళ్లు గోధుమరంగున నుండును.

బెండకు, వంగకు పచ్చదోమ పట్టినప్పుడును ఆకు అంచులు మాడి ముడుచుకొనును. అట్టిచో ఆకు త్రిప్పి అడుగుభాగము చూడవలెను. పచ్చని సన్నపు పురుగులు ప్రక్కవాటుగా పరుగెత్తుచున్నచో అది దోమ పని. అడుగు ఆకులు మాత్రమే మెల్లమెల్లగా పసుపుబాఱుచున్నచో అది బలహీనత. ఎరువువేడిని బలహీనతయని భ్రమించి మఱల ఎరువు వేయుట కంటె పెద్ద కీడు లేదు.

రాకుండ చేయవలసినవి

చేతితో చల్లుట మానవలెను. పెరటికొక పాత టీచెంచాను ప్రత్యేకించి, అది వంటయింటికి రాకుండ ఎరువు డబ్బాతోనే కట్టి యుంచవలెను. ఎదిగిన వంగ, టమాటా, బెండ మొక్కలకు మొక్కకు ఒక చెంచా యూరియా ఒక తడవకు చాలును. ఆకుకూర మడికి చదరపు మీటరుకు 2 చెంచాలు మించరాదు. తక్కువైనచో మఱల వేయవచ్చును. ఎక్కువైనచో తిరిగి తీయలేము.

ఎండిన నేలలో ఎరువు వేయరాదు. ముందటి దినము నీరు పెట్టి, నేల పదునుగా నున్నప్పుడు, చల్లని సాయంకాలమున వేసి, వెంటనే మట్టితో కప్పి, మఱల నీరు పోయవలెను. మే నెలలో యూరియా జోలికి పోకుండుటే మేలు. తొలకరి వానలకు నేల తడిసిన పిమ్మట వేసినది వంటబట్టును.

మొక్క మొదట వేయరాదు. కాండమునకు జానెడు దూరమున చుట్టును వ్రేలితో చిన్న చాలు తీసి, దానిలో సమముగా రాల్చవలెను. నారు నాటిన మొదటి రెండువారములు రసాయనపు టెరువు వలదు. విత్తనముతో కలిపి యూరియా గాని డి.ఎ.పి. గాని ఎన్నడును వేయరాదు.

ఆకులమీద పొడి పడరాదు. మంచు తడి యున్న ఆకులకు అంటిన గుళిక అక్కడనే కరగి చిల్లులు పెట్టును. నీటిలో కలిపి చల్లదలచినచో లీటరుకు 5 గ్రాములు, అనగా చెంచాకు కొంచెము మించి, సరిపోవును. అదియు ఎండ తగ్గిన తరువాతనే.

పశువుల యెరువైనచో చివికినదే వేయవలెను. పచ్చిపేడ, పచ్చి కోళ్లపెంట వేడెక్కి అమోనియాను విడుచును. వీనిలో కోళ్లపెంట మిక్కిలి ఘాటైనది. దానిని ఎండుటాకులతో, మట్టితో కలిపి తడుపుచు కొన్ని నెలలు మాగనీయవలెను. గోమూత్రమును పదిరెట్లు నీటిలో కలుపక పోయరాదు. పొయ్యిబూడిద కూడ లవణమే. అందును సున్నపునేలలో దాని అవసరము స్వల్పము. సహజమైనదంతయు చల్లనిదనుట సరికాదు.

చివికినదో లేదో తెలియుటకు మెంతుల పరీక్ష యొకటి కలదు. ఒక కొబ్బరిచిప్పలో ఆ యెరువు కలిపిన మట్టిని, వేఱొక చిప్పలో వట్టిమట్టిని పోసి, ఒక్కొక్కదానిలో 10 మెంతిగింజలు చల్లి తడుపవలెను. వారము లోపల రెండింట సమముగా మొలచినచో ఎరువు మాగినది. ఎరువుచిప్పలో మొలకలు తగ్గినను, వేళ్లు నల్లబడినను, మఱికొన్ని వారములు ఆగవలెను.

మొక్కల ఓర్పును ఎరిగి పెట్టవలెను. బీన్సు, ఉల్లి, ముల్లంగి, క్యారెట్టు, బెండ లవణమునకు త్వరగా లోబడును. టమాటా, పాలకూర కొంత ఓర్చును. గోరుచిక్కుడు, బీటురూటు మిక్కిలి ఓర్పు గలవి. ఉప్పుబోరు నీరే గతియైన పెరటిలో గోరుచిక్కుడును పెంచుట తెలివి. నేలలో లవణమెంత యున్నదో భూసార పరీక్షాపత్రము తెలుపును. అందు ఇ.సి. అను అంకె 1 లోపల నుండుట మంచిది. జగ్గయ్యపేట సమీపమున గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రము కలదు. నేలను గూర్చిన సందేహములు అచ్చట అడిగి తెలిసికొనవచ్చును.

మాడిన మొక్కకు చికిత్స

ఎరువు మించినదని తోచిన క్షణమున చేయవలసిన పని యొక్కటే: కడుగుట. ఆలస్యమైన కొలది వేరు చచ్చును.

మొదట, కనబడుచున్న గుళికలను, తెల్లపొరను పైమట్టితో సహా గరిటెతో తీసి దూరముగా పాఱవేయవలెను. ఆకులమీద పొడి యున్నచో మంచినీటితో కడుగవలెను.

పిమ్మట లవణమును నేల అడుగునకు దింపవలెను. 6 అంగుళముల లోతు నీరు మడిలో ఇంకినచో పైమట్టిలోని లవణము సగము దిగిపోవును. 12 అంగుళములు ఇంకినచో అయిదింట నాలుగుపాళ్లు దిగును. ఒక చదరపు మీటరు మడికి 6 అంగుళములనగా సుమారు 150 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు పది. చెంబెడు నీరు చిలకరించినచో లవణము మఱింత కరగి వేరునకే చేరును. అది మందు కాదు, విషమునకు తోడు.

నేలనుబట్టి ఈ నీటిని పోయవలెను. ఎఱ్ఱనేల, ఇసుకనేల యైనచో అరగంట కొకసారి ఆపుచు ఒక్క దినముననే పోయవచ్చును. నల్లరేగడిలో నీరు మెల్లగా దిగును. ఒక్కసారి నింపినచో వేరునకు గాలి యాడక కుళ్లును. కావున మూడు నాలుగు దినములకు పంచి పోసి, నిలిచిన నీరు పోవుటకు మడికి ఒకవైపు చిన్న కాలువ తీయవలెను. కుండీ మొక్కయైనచో కుండీ పట్టునంత నీటిని నాలుగైదు తడవలు పోసి, అడుగుచిల్లినుండి పాఱనిచ్చి, పళ్లెములో నిలిచినది పాఱబోయవలెను. ఈ పనికి కాలువనీరుగాని వాననీరుగాని శ్రేష్ఠము. ఉప్పునీటితో ఉప్పును కడుగజాలము.

మూడవది, నీడ. వేరు కోలుకొనువఱకు ఆకు నీటిని తక్కువగా విడుచునట్లు చేయవలెను. నాలుగైదు దినములు తాటాకుగాని పాత తెల్లచీరగాని పందిరివలె కట్టి, పాదుచుట్టును ఎండుగడ్డి పఱువవలెను. పూలను, పిందెలను త్రుంచివేసినచో మొక్క తన బలమును వేరునకు మఱలించును. పూర్తిగా ఎండిన ఆకులు తీసివేయవచ్చును. సగము పచ్చగా నున్న ఆకును ఉంచవలెను. ఆ సగమే మొక్కకు అన్నము వండుచున్నది.

నాలుగవది, ఓర్పు. మాడిన ఆకు మఱల పచ్చబడదు. దానిని చూచి నిరాశ చెందరాదు. క్రొత్త చిగురును చూడవలెను. రెండు మూడు జతల క్రొత్తాకులు మచ్చలేక విచ్చువఱకు, సుమారు మూడువారములు, ఏ యెరువును వేయరాదు. మజ్జిగ, బూడిద, టానిక్కు అని ఎవరేమి చెప్పినను వినవలదు. చిగుళ్లు నిలిచిన పిమ్మట చివికిన పశువుల యెరువు దోసెడు వేసి ఆరంభించి, యూరియా వేయదలచినచో పాతికవంతు మోతాదుతో మొదలుపెట్టవలెను.

మొక్క బ్రతికియున్నదో లేదో తెలియనిచో కాండమును గోటితో గీచి చూడవలెను. లోన పచ్చగా తడిగా నున్నచో ఆశ కలదు. మొదలువఱకు గోధుమవన్నెగా ఎండియున్నచో పెరికివేయవలెను. తోటకూర, కొత్తిమీర, మెంతికూర మడులు సగమునకు మించి మాడినచో వానిని దక్కించుకొనుటకు పాటుపడుటకంటె, మడిని బాగుగా కడిగి, రెండువారములు ఆగి, మెంతుల పరీక్ష చేసి, మఱల విత్తుటయే లాభము. ఎరువు మించిన మడిలోని ఆకుకూరలలో నైట్రేటు చేరియుండును గనుక వానిని పసిబిడ్డలకు పెట్టకుండుట మేలు.

ఇంటిలో జాగ్రత్త

ఇంకొక ముఖ్యవిషయము. యూరియా చూపునకు పంచదారవలె, ఉప్పువలె నుండును. దానిని వంటయింటి డబ్బాలలో ఎన్నడును పోయరాదు. పేరు వ్రాసిన మూతడబ్బాలో, పిల్లలకు అందని యెత్తున, తిండిగింజలకు దూరముగా ఉంచవలెను. యూరియా కలిపిన బకెట్టు, బస్తా కడిగిన నీరు ఆవుగేదెల యెదుట ఉంచరాదు. అది త్రాగిన పశువు కడుపుబ్బి, వణకి, గంటల లోపల ప్రాణము విడుచుట కలదు. అట్టి అనుమానము కలిగినచో క్షణమాలసింపక పశువైద్యునికి కబురంపవలెను.

సోదరీమణులారా! ఉప్పు తగినంత పడిన కూర రుచి, మించిన కూర పారవేయదగినది. కూరలో ఉప్పు వేయునప్పుడు మన చేయి ఎంత జాగ్రత్త వహించునో, ఆ కూర పండు నేలలో ఎరువు వేయునప్పుడును అంతటి జాగ్రత్తయే కావలెను. ఎరువు కొలతకు చెంచాయు, వేయుటకు ముందు తడియు, మించినప్పుడు బిందెలకొలది మంచినీరును, పిమ్మట మూడువారముల ఓర్పును గృహిణి చేత నున్నచో, మెట్టసీమ యెండలోనైనను పెరడు పచ్చగా నుండి, ఇంటిల్లిపాదికి కూర పెట్టగలదు.